మొద్దు లోపలి గెట్లు

బోయిగూడ టింబర్ డిపోల్లో చింత మొద్దు రంపం మీదికెక్కే వేళ చూడాలి నిన్ను. అది కొత్తగా కొట్టిన మొద్దు కాకూడదు. ఒక వానాకాలం తడిసి, ఒక ఎండాకాలం ఎండి, మళ్లీ తడిసి, గోడవారన ఎవరికీ పట్టకుండా పడున్నదై ఉండాలి. బెరడు ఊడి, ఒళ్లంతా బూడిద రంగు తిరిగి, పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదనిపించాలి. రంపం దిగుతుంది. పొట్టు లేస్తుంది. మొద్దు రెండు పలకలై విడిపోతుంది. అప్పుడు ఆ లేత పసుపు చెక్క మీద, వెంట్రుకంత సన్నగా, ఎక్కడా తెగకుండా, వంకర్లు పోతూ నువ్వు.

నల్లగీతా, నీకు దండం.

నిన్ను చూడగానే బేరగాడు మొహం చిట్లిస్తాడు. కుళ్లు తగిలిందంటాడు, రేటు దించుతాడు. బక్రీదు ముందర మాంసం కొట్టే మొద్దు కోసం వచ్చినవాళ్లు నువ్వు లేని ముక్కనే ఏరుకుంటారు. వాళ్లది తప్పు కాదు, కత్తి దెబ్బకు నిలవాల్సిన చెక్క గట్టిగానే ఉండాలి. కానీ ఇదే చింత చెక్కను, నీ గీతలు దట్టంగా పడ్డదాన్నే, దూరదేశాల్లో కలాలూ గిన్నెలూ కత్తిపిడులూ చెక్కేవాళ్లు వెతికి వెతికి కొంటారు. చింత చేవ చిన్నది. ఊదా కలిసిన గోధుమ రంగులో, ఒక తీరు లేకుండా నడిమధ్య ముడుచుకుని ఉంటుంది. దాని చుట్టూ ఉన్న లేత చెక్క మాత్రం విశాలం. బూజులకు అదే తిండి, అదే రణరంగం. అంత వెడల్పైన లేత రంగు మీద కనబడినంత తేటగా నువ్వు ఇంకెక్కడ కనబడతావు?

అందం సంగతి తర్వాత. అసలు నువ్వెవరివి?

గీతవు కావు. రంపం నిన్ను ఒకచోట కోసింది కాబట్టి గీతలా కనబడ్డావు, అంతే. రంపాన్ని అంగుళం జరిపి కోస్తే అక్కడా ఉంటావు, కాస్త వంపు తిరిగి. ఇంకో అంగుళం జరిపితే అక్కడా. పలకలన్నిటినీ మళ్లీ వరసగా పేర్చి చూస్తే నీ గుట్టు తెలుస్తుంది. నువ్వొక గోడవి. మొద్దు పొడవునా సాగి, మలుపులు తిరిగి, కొన్నిచోట్ల అన్ని పక్కలా మూసుకుపోయిన కాగితమంత పలచటి గోడవి. నీకు ఇటువైపు ఒక బూజు రాజ్యం. అటువైపు ఇంకో బూజుది.

మన పల్లెల్లో గెట్టు పంచాయితీ తెలియనివాళ్లు లేరు. జానెడు నేల కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు, హద్దురాయికి అటూ ఇటూ నిలబడి తరాలపాటు మాటలు మానేస్తారు. నువ్వు అలాంటి గెట్టువి. కాకపోతే ఇక్కడ మట్టి పోసి గెట్టు వేయరు. ఒక్కోసారి ఒకడు, ఒక్కోసారి ఇద్దరూ, తమ ఒంటినే గట్టిపరిచి, నలుపెక్కించి నిన్ను కడతారు.

ఆ ఇద్దరూ వేరు వేరు జాతులే కానక్కర్లేదు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యమనిపించేది ఇదే. ఒకే జాతి కావచ్చు. ఒకే పుట్టగొడుగు నుంచి రాలిన తోబుట్టువులు కావచ్చు. ఒకే జాతి బూజు దారాలు ఎంతమేర పాకినా కలిసిపోయి ఒకే ముద్ద అవుతాయని చాలాకాలం నమ్మారు. 1979లో ఇంగ్లండ్‌లో అలన్ రేనర్, నార్మన్ టాడ్ ఆ నమ్మకాన్ని పడగొట్టారు. కుళ్లుతున్న కట్టెలో ఉన్నది ఒక బూజు కాదు, ఒక్కొక్కటీ వేరు వేరు ప్రాణిగా, తన మేర తాను పట్టుకుని బతికే జనం అని చూపించారు. ఎవరికి వారే. రెండు దారాలు ఎదురుపడతాయి, తాకుతాయి, కలిసి చూస్తాయి. నువ్వు నేనేనా అని ఒకటి ఇంకొకదాని ఒంట్లోకి చూసినట్టే. అవును అంటే కలిసిపోతాయి. కాదు అంటే కలిసిన కణాలు అక్కడికక్కడే చచ్చిపోతాయి. ఆ చావుల వెంబడే గోడ లేస్తుంది. దారాల కొసలు ఉబ్బి, మందం తిరిగి, ఒకదానికొకటి ఒత్తుకుని, మెలనిన్ నింపుకుంటాయి. మన జుట్టుకు నలుపునిచ్చే రంగుకు దాయాదే అది. నీరు బయటికి పోదు, పొరుగువాడు లోపలికి రాడు.

సిపాయి లైన్ల కోసం పుట్టి, సికందర్ జా పేరు పెట్టుకుని, గేట్లకూ పహరాలకూ మూసిన రోడ్లకూ 200 ఏళ్లుగా అలవాటు పడిన ఊరు ఈ సికింద్రాబాదు. ఈ ఊళ్లో ఇన్ని సరిహద్దులున్నాయని మాకు తెలుసు. తెలియనిదల్లా అంతకు వెయ్యింతలు, చూస్తూ చూస్తూ మేం పొయ్యిలో పెట్టుకున్న కట్టెలో ఉన్నాయని.

బూజులారా, మీకు దండం.

మిమ్మల్ని పూజించినవాళ్లు లేరు. గొడుగు మొలిచినప్పుడు మాత్రం చూస్తాం, అది మీ ఒంట్లో పిసరంత. మిగతా ఒళ్లంతా చెక్క లోపల, కంటికి అందని దారాలై, పట్టుకున్న నేలను ఒక్క వేలంత కూడా వదలకుండా ఉంటుంది. కంటోన్మెంటులో కొట్టేసిన మామిడి మోడు మీద, తొలకరి పడ్డ వారానికే, వేలిగోరంత తెల్లటి గొడుగులు వరసలు కడతాయి. తిప్పి చూస్తే కింది పొరలు ఒక్కొక్కటీ నిలువునా రెండుగా చీలి ఉంటాయి. ఎండకు ఆ చీలికలు ముడుచుకుపోతాయి, చినుకు పడితే విచ్చుకుని మళ్లీ బీజాలు రాలుస్తాయి. స్కిజోఫిలమ్ అంటారు దాన్ని. మనకు ఆడ, మగ రెండే. దానికి 20 వేలకు పైగా. అంటే లోకంలో ఎదురుపడ్డ దాదాపు ప్రతి పొరుగూ దానికి వరుసైనదే. అయినా ఒకసారి జత కట్టి కాపురం పెట్టాక ఇంకో జంటను చెక్కలోకి రానివ్వదు. పెళ్లికి అందరూ పనికొస్తారు, గెట్టు దగ్గర ఎవరూ పనికిరారు.

ఎండలో పడున్న కొమ్మల మీద సిందూరం రంగు అరలు కనబడతాయే, అది పిక్నోపోరస్. ఆ రంగు సింగారానికి మాత్రమే కాదు, దాని ఎరుపులో సూక్ష్మక్రిములను అడ్డుకునే పదార్థాలున్నాయి.

మీ ఆయుధాలు ఒక్కటా రెండా. ఎదుటివాడు తాకకముందే గాలిలోకి వాసనలు వదులుతారు, ఆ వాసనకే వాడి ఎదుగుదల మందగిస్తుంది. దగ్గరికొస్తే తడిలో విషం కలుపుతారు. తాకితే లాకేజ్ వంటి ఎంజైములు కుమ్మరిస్తారు, కలయిక చోట చెక్క ముదురు గోధుమ రంగు తిరుగుతుంది. మీలో కొందరు పగవాడి దారాన్ని చుట్టుకుని, గోడకు కన్నం వేసి, లోపలి సారం పీల్చేస్తారు. గెలుపు ఎవరిదో ముందే రాసి ఉండదు. ఎక్కువ చెక్కను ఏలుతున్నవాడికి బలం ఎక్కువ. కానీ చెక్క ఆరితే, వేడి పెరిగితే, కంటికి ఆనని పురుగులు వచ్చి ఒకడి దారాలను మేసిపోతే నిన్నటి విజేత ఇవాళ ఓడిపోతాడు. మొదటివాడు రెండోవాణ్ణి గెలుస్తాడు, రెండోవాడు మూడోవాణ్ణి, ఆ మూడోవాడు వచ్చి మొదటివాణ్ణి మింగుతాడు. చాలాసార్లు ఎవరూ గెలవరు. అప్పుడు నల్లగీత పడుతుంది. చాలా నల్లగీతలు ఇద్దరు ఒకరినొకరు ఆపేసిన చోట్లు.

మీ పోరులో పుట్టిన మందు మా పొలాల దాకా వచ్చిందని ఎంతమందికి తెలుసు? పైన్ చెట్టు నుంచి రాలిన కాయ మీద ఐరోపాలో ఒక చిన్న గొడుగు మొలుస్తుంది. ఆ కాయ మీదికి ఇంకెవరూ రాకుండా అదొక విషం చేస్తుంది. బీచ్ మానుల మీద మొలిచే తెల్లటి జిగురు గొడుగుదీ అదే పద్ధతి. 1977లో జర్మనీ శాస్త్రవేత్తలు టిమ్ ఆంకె, వోల్ఫ్‌గాంగ్ స్టెగ్లిష్, వాళ్ల తోటివాళ్లు ఆ విషాన్ని వేరుచేసి స్ట్రోబిలురిన్ అని పేరు పెట్టారు. పగబూజు కణాల్లో ఊపిరి ఆడే యంత్రాన్నే అది ఆపేస్తుంది. చేసిన గొడుగుకు మాత్రం ఏమీ కాదు, దాని యంత్రంలో ఆ విషం పట్టే చోటు కాస్త వేరుగా ఉంటుంది. అసలు విషం ఎండకు నిలవదు. ఎండకు నిలిచేలా దాన్ని మలిచి 1996లో అజాక్సిస్ట్రోబిన్‌గా అంగట్లోకి తెచ్చారు. గుంటూరులోనో ఖమ్మంలోనో మిర్చికి కాయకుళ్లు తగిలిందని రైతు మందుల దుకాణంలో ఆ పేరు పలికి డబ్బా కొంటున్నాడంటే, ఎక్కడో ఒక గొడుగు తన కాయను కాపాడుకోవడానికి నేర్చిన విద్యను వీపున మోసుకుని చేలోకి దిగుతున్నాడన్నమాట.

చెట్టు తల్లీ, ఇప్పుడు నీ వంతు.

ఇంతసేపూ చచ్చిన కట్టె గురించి మాట్లాడాను. నువ్వు బతికుండగానే ఈ యుద్ధం మొదలవుతుంది. మారేడుపల్లిలో, తిరుమలగిరిలో, బొల్లారం వెళ్లే దారిలో నిలబడ్డ నిద్రగన్నేరూ, నిన్ను తలుచుకునే చెబుతున్నాను. ఎక్కడో మధ్య అమెరికాలో పుట్టి, దొరల కాలంలో ఈ నేలకొచ్చి, ఇక్కడి ఎండను మా నెత్తి మీద పడనీయకుండా చేయి అడ్డం పెట్టినదానివి. మొదలుకు సున్నం, గేరు పట్టీలు వేసి నిన్ను కూడా కవాతులో నిలబెట్టారు. కరెంటు తీగకు అడ్డమని కొమ్మ నరికారు. బోర్డు కోసం మేకు దించారు. లారీ గీరుకుంటూ పోయింది. బెరడు చిరిగిన ప్రతిచోటా గాలిలో తేలే బీజాలు వాలతాయి. నువ్వు పారిపోలేవు. నీకు తెల్లరక్తకణాలు లేవు. ఏం చేస్తావు?

దీనికి జవాబు దొరకడానికి వందేళ్లు పట్టింది. 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. అదే ఏడాది జర్మనీలో రాబర్ట్ హార్టిగ్ అడవి చెట్ల జబ్బుల మీద పుస్తకం వేశాడు. అప్పటిదాకా కుళ్లు నుంచే గొడుగు పుడుతుందనుకునేవారు. కాదు, గొడుగు దారాలే కుళ్లును పుట్టిస్తాయని ఆయన చూపించాడు. రైలు పట్టాల కింద పరిచిన కట్టె స్లీపర్లు ఈ పాఠాన్ని ఈ ఊరికి చాలా ఖరీదుగా నేర్పాయి. తారునూనె తాగించినా వానకూ బూజుకూ చెదలకూ ఆగక మార్చాల్సి వచ్చేది, చివరికి కాంక్రీటు వచ్చి కట్టెను పక్కకు నెట్టింది. ఒక మాట అనాలనిపిస్తుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇదే సికింద్రాబాదులో దోమ పొట్టను విప్పి మలేరియా క్రిమిని చూశాడు. ఆ గొప్పను చెప్పుకోని ఏడాది లేదు. పొట్ట విప్పి చూడాల్సినవి మన వీధి చెట్లలోనూ ఉన్నాయి. చూసినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

హార్టిగ్ తర్వాత అందరూ బూజునే చూశారు. నిన్ను చూసినవాడు అలెక్స్ షైగో. అమెరికా అటవీశాఖలో పనిచేశాడు. అంతకుముందు చెట్టును అడ్డంగా కోసి చూసేవారు. షైగో చైన్‌సాతో చెట్టును నిలువునా చీల్చాడు. ఒకటి కాదు, వేల చెట్లు. గాయం దగ్గర మొదలైన కుళ్లు పైకీ కిందికీ లోపలికీ ఎలా నడిచిందో, ఎక్కడ ఆగిందో తడిమి చూశాడు. 1977లో హెరాల్డ్ మార్క్స్‌తో కలిసి చెప్పాడు: చెట్టు నాలుగు గోడలు కడుతుంది.

మొదటిది నీరు పైకి పారే నాళాలను మూసేది. నాళంలోకి పక్క కణాలు బుడగలై ఉబ్బుతాయి, బంక కారుతుంది, దారి పూడుతుంది. బలహీనమైన గోడ ఇదే, అందుకే కుళ్లు అడ్డంగా కన్నా నిలువునా ఎక్కువ దూరం పోతుంది. రెండోది ఏటా పడే వలయం అంచు, లోపలికి పోకుండా. మూడోది మధ్య నుంచి చుట్టూ బయటికి సాగే కణాల వరసలు, పక్కలకు పాకకుండా. ఈ మూడూ గాయమయ్యే నాటికే నీ ఒంట్లో ఉన్నవి. దెబ్బ తగలగానే వాటికి చేదూ విషమూ పట్టిస్తావు.

నాలుగోది అలా కాదు. నాలుగోది గాయమయ్యాక పుట్టేది. బెరడు కింద కొత్త చెక్కను కట్టే పలచటి పొర ఆ రోజు నుంచి వేరే రకం కణాలు కడుతుంది, గాయానికి ముందున్న నిన్నటి ఒంటికీ రేపు పెరగబోయే ఒంటికీ మధ్య అడ్డంగా. దీన్ని దాటడం బూజులకు దాదాపు అసాధ్యం. మా ఒంటికి దెబ్బ తగిలితే అదే చోట కొత్త కండ వస్తుంది. నీకు ఆ వరం లేదు. చెడిన చెక్క చెడినట్టే ఉంటుంది, 50 ఏళ్ల తర్వాత కోసినా ఆ గాయం అక్కడే, ఆ ఏటి వలయంలోనే దొరుకుతుంది. నువ్వు దాన్ని బాగుచేయవు. వదిలేస్తావు. ఆనాటిదాకా ఉన్న నిన్ను బూజుకు ఇచ్చేసి, దాని చుట్టూ ఇంకో నువ్వుగా పెరుగుతావు.

ఇంతటి త్యాగానికి ఖరీదు లేకుండా ఉంటుందా? ఆ నాలుగో గోడ బూజుకు గట్టిదే గానీ బరువుకు మెత్తన. గాలి ఊపినప్పుడు, కొట్టాక ఆరినప్పుడు, చెక్క సరిగ్గా ఆ వలయం వెంటే పగులుతుంది. వలయంలా విడిపోయిన మొద్దును రంపం దగ్గర తిట్టుకుంటూ పక్కన పడేస్తారు. ఎప్పటిదో ఒక గాయాన్ని అది ఇంకా చెబుతూనే ఉందని అప్పుడు ఎవరికి తడుతుంది?

షైగో మాటే చివరిది కాలేదు. 1983లో లిన్ బాడీ, రేనర్ ఇంకో సంగతి ముందుకు తెచ్చారు. నీ అసలు కాపలా విషాలకన్నా నీళ్లే అన్నారు. బతికున్న చెక్క నిండా నీరుంటుంది, నీరున్నచోట గాలి ఉండదు, గాలి లేక బూజు ఎదగదు. కొన్ని బూజులైతే గాయం కోసం కాచుకోవు. పచ్చని కొమ్మలోనే ఎక్కడెక్కడో అణువంతగా దాగి ఉంటాయి, నువ్వు నీళ్లతో నిండి ఉన్నంతకాలం కదలవు. కొమ్మ ఎండిందా, గాలి జొరబడిందా, లేచి కూర్చుంటాయి. అంటే శత్రువు కోట బయట లేడు. నీ ఇంట్లోనే నిద్రపోతున్నాడు, నువ్వు తాగే నీళ్లే వాడికి జోల. చుట్టూ సిమెంటు పోసి, వేరుకు చుక్క దిగకుండా చేసి, ఆ జోలను ఆపేస్తున్నది మేమే.

చేవ సంగతి వేరు. అది నీలో చనిపోయిన భాగం. చనిపోయే ముందే దానికి రక్ష కట్టి వెళతావు. టేకులో టెక్టోక్వినోన్, ఎర్రచందనంలో శాంటలిన్ రంగు, ఇంకా పేరు తెలిసినవీ తెలియనివీ. టేకు రైలు పెట్టెలు వానల్లో దశాబ్దాలు తిరిగాయంటే, ఎన్నడో అడవిలో చెట్టు చనిపోబోయే కణాల్లో నింపిన ఆ చేదే కారణం. నిద్రగన్నేరుకూ తురాయికీ అంత చేదు లేదు. అందుకే వాటి నడుం లోపల నుంచి డొల్ల అవుతుంది.

డొల్లయితే చచ్చినట్టు కాదు. బతుకంతా బెరడు కింద ఉంది, మధ్యలోది మోసే స్తంభం మాత్రమే. జర్మనీకి చెందిన క్లౌస్ మాథెక్ 1990ల్లో వందల చెట్లు కొలిచి, చుట్టూ మిగిలిన గట్టి చెక్క మందం వ్యాసార్ధంలో మూడో వంతుకు తగ్గితేనే విరిగే భయం మొదలవుతుందన్నాడు. ఆ లెక్క మీద వాదనలున్నాయి గానీ, తొర్ర కనబడగానే గొడ్డలి తెచ్చేవాళ్లు ఒకసారి దాన్ని చదవాలి. ఆ తొర్ర కట్టింది బూజు. అద్దెకు దిగేది చిలకలు, గోరువంకలు, పొద్దుగూకితే గుండ్రటి కళ్లతో చూసే పగిడికంటెలు. బూజు మెత్తబరచని చెక్కలో చిలక ముక్కు ఎంత దూరం పోతుంది?

అయితే మాను మొదట్లో, నేలకు ఆనుకుని, వార్నీషు పూసినట్టు మెరిసే గోధుమ రంగు అర ఒకటి పొడుచుకొచ్చిందనుకోండి, దాని కింద కోకో రంగు పొడి రాలిందనుకోండి, అది గానోడెర్మా. అది వేళ్లనూ మొదలునూ తింటుంది. అక్కడ డొల్లయిన తురాయి మే నెల గాలివానకు ఆటో మీదో మనిషి మీదో పడుతుంది. భక్తి వేరు, జాగ్రత్త వేరు. చూపించుకోండి, కొట్టాల్సినదైతే కొట్టేయండి. కానీ దాన్ని అక్కడి దాకా తెచ్చినది తరచు మన చేతే. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా మెడ ఉంటుంది. కొమ్మ పోయినచోట కుళ్లును ఆపే సరంజామా ఆ మెడలోనే ఉంటుంది. మానుకు సమంగా నున్నగా కోస్తే మెడ పోయింది. గజం పొడవున మోడు వదిలితే బూజుకు నిచ్చెన వేసినట్టు. మెడకు ఇవతల, దాన్ని తాకకుండా కోయాలి. కోసినచోట తారు పూయడం వల్ల కుళ్లు ఆగదని షైగో ఏళ్ల తరబడి పరీక్షించి చెప్పాడు. అయినా నల్లరంగు డబ్బా పట్టుకుని నిచ్చెనెక్కేవాడు ఇంకా దిగలేదు.

వేపమ్మా, నీకూ ఒక దండం. 2021 వానాకాలం వెళుతుండగా తెలంగాణ అంతటా నీ చిగుళ్లు కమిలిపోయాయి. చూస్తుండగా కొమ్మల కొసలు గోధుమ రంగు తిరిగి, నిప్పంటుకున్నట్టు నిలబడ్డావు. ఊళ్లకు ఊళ్లు భయపడ్డాయి. వేప పోతే ఇక మిగిలేదేమిటి అనుకున్నాం. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, చిగుళ్ల రసం పీల్చే టీ దోమ, రెండూ కలిసి చేసిన పని అది. సికింద్రాబాదు వీధుల్లోనూ ఆ ఎండు తలలు చూశాం. నువ్వు కొసలను వదిలేశావు. నడుం దాకా రానివ్వలేదు. ఎండలు ముదిరేసరికి చాలాచోట్ల పాత కొమ్మల మీద మళ్లీ ఎర్రటి చిగురు తొడిగావు. ఆ తర్వాతా వానల వెంబడి ఆ కమురు వచ్చింది, నువ్వూ మళ్లీ మళ్లీ చిగిర్చావు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కథ ఇంకా పొడవు. 700 ఏళ్ల మర్రి అని చెప్పుకుంటారు, మూడెకరాల మేర పరుచుకుంది. 2017 డిసెంబరులో కొమ్మ విరిగిపడితే సందర్శకులను ఆపారు. చెదలు లోపల ఎంత తిన్నాయో అప్పుడు తెలిసింది. 2018లో ఆస్పత్రిలో ఎక్కించినట్టు సీసాలు కట్టి, పలచబరిచిన క్లోర్‌పైరిఫాస్ చుక్కచుక్కగా మానులోకి ఎక్కించారు. చెదలనూ ఒట్టి తిండిపోతులనుకోకండి. మన నేలల్లో పుట్టలు పెట్టే చెద చెక్కను తనంత తానుగా అరిగించుకోలేదు. నమిలి విసర్జించిన పొడితో పుట్టలో మడులు కట్టి వాటి మీద టెర్మిటోమైసిస్ బూజు పెంచుతుంది. వానలకు పుట్టల మీద లేచే, మనం పోటీపడి ఏరుకుని కూర వండుకునే గొడుగులు దానివే. ఆ మడుల్లోనే జైలేరియా అనే నల్లబూజు కూడా అణిగి ఉంటుంది, కలుపు మొక్కలా, తలెత్తే సందు లేకుండా. చెదలు పుట్ట వదిలి పోయాయా, రోజుల్లోనే నల్లటి పుల్లలై పైకి పొడుచుకొస్తుంది. కాచుకుని కూర్చోవడం కూడా యుద్ధమే అని దాన్ని చూస్తే తెలుస్తుంది.

అసలు గోడే కట్టలేని చెట్టు ఒకటుంది. కొబ్బరి. బెరడు కింద ఏటా కొత్త చెక్కను కట్టే పొర దానికి లేదు, కాబట్టి నాలుగో గోడా లేదు. ఒకసారి పెరిగిన మాను అంతే, గాయం చుట్టూ ఇంకో మాను పెరగదు. గానోడెర్మా మొదట్లో చేరితే ముదురు రసం కారుతుంది, మట్టలు వేలాడతాయి, తల వాలుతుంది. అందుకే కోనసీమ రైతు తన చెట్టుకు ఇంకో బూజును కాపలా పెట్టాడు. ట్రైకోడెర్మా 50 గ్రాములు 5 కిలోల వేపపిండిలో కలిపి పాదులో వేస్తాడు. వేళ్ల చుట్టూ నేలను అది ముందే ఆక్రమించుకుంటుంది. గానోడెర్మా దారం ఎదురైతే చుట్టుకుని తినేస్తుంది. చెట్టుకు చేతకాని గెట్టును ఆకుపచ్చ బూజు వేసి పెడుతుంది. మనిషి ఈ రణంలో చేసిన పనుల్లో నాకు నచ్చినది ఇదొక్కటే. గొడ్డలీ లేదు, తారూ లేదు. ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో తెలిస్తే చాలు.

ఇన్ని దండాలు పెట్టాక వరం అడగకుండా పోవడం మన ఆచారం కాదు. దేవుళ్లను కాదు, కంటోన్మెంటు తోటమాలులనూ, రైల్వే కాలనీల్లో, పార్కుల్లో చెట్లు చూసేవాళ్లనూ అడుగుతున్నాను. గాలివానకు పడిన ప్రతి మానునూ గంటల్లో ముక్కలు చేసి లారీకెత్తకండి. దారికి అడ్డం లేని చోట, ప్రహరీ పక్కనో మామిడి తోపు చివరో, ఒక్క మొద్దును నేలకు ఆనించి వదిలేయండి. తగలబెట్టొద్దు, మందు కొట్టొద్దు, సున్నం వేయొద్దు. మొదటి వానకు స్కిజోఫిలమ్ వస్తుంది, తర్వాత సిందూరపు అరలు, ఆ తర్వాత వీళ్లను తరిమేవాళ్లు. ఏడాది తిరిగాక బడిపిల్లలను తీసుకొచ్చి, రంపంతో ఒక పలక కోయించి, నల్లగీతలను లెక్కపెట్టమనండి. గీతకు అటు ఎవరు, ఇటు ఎవరు, ఎవరు ముందొచ్చారు అని అడగండి. మిగతా మొద్దును మళ్లీ అక్కడే పెట్టేయండి, వాళ్ల పంచాయితీ ఇంకా తెగలేదు.